హెర్మిట్ క్రాబ్‌కి ముందు గాలి, తర్వాత ఇసుక, ఆపైనే తిండి

హెర్మిట్ క్రాబ్ (ఖాళీ నత్తగుల్లలో దూరి బతికే పీత) తెచ్చుకున్నవాళ్లు మొదట అడిగే ప్రశ్న ‘దీనికి ఏం పెట్టాలి?’ అని. నిజానికి తిండి చాలక చనిపోయే పీతలు తక్కువ. పొడిగాలికి మొప్పలు పాడై కొన్ని, ఒళ్లు దాచుకుని కుబుసం విడిచే చోటు లేక కొన్ని పోతాయి. అడగాల్సిన ప్రశ్నలు రెండే: గాలిలో తేమ ఎంత ఉంది? ఇసుక ఎంత లోతు పోశారు?

ఇక్కడ రాసేదంతా నేలమీద బతికే కోయెనోబిటా జాతి పీతల గురించి. పెంపకంలో ఎక్కువగా కనిపించేవి ఊదారంగు డెక్క ఉండే కరేబియన్ పీత, ఈక్వడోరియన్ పీత, ఎర్రటి స్ట్రాబెరీ పీత. పూర్తిగా సముద్రంలోనే ఉండే హెర్మిట్ క్రాబ్‌ల సంగతి వేరు, వాటికి ఇందులో ఒక్క ముక్కా పనికిరాదు.

ఇవి నేలమీద తిరుగుతున్నా ఊపిరికి మొప్పలు కావాలి. ఆ మొప్పలు ఎప్పుడూ తడిగా ఉండాలి. అందుకే పీత తన గుల్లలో కాసిని నీళ్లు మోసుకు తిరుగుతుంది. చుట్టూ గాలి పొడిగా ఉంటే ఆ నీళ్లు ఆవిరైపోయి, మొప్పలు మెల్లగా దెబ్బతింటాయి. ఈ దెబ్బ ఒక్క రోజులో తెలియదు. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ‘నిన్నటిదాకా బాగానే తిరిగింది’ అనే మాట అందుకే అంత తరచుగా వినిపిస్తుంది.

గాలిలో తేమ 80 శాతం దగ్గర నిలబడాలి. 75 కంటే తగ్గకూడదు, 85 దాటి రోజుల తరబడి ఉండకూడదు. మరీ ఎక్కువైతే బూజు, ఇసుక అడుగున కుళ్లు మొదలవుతాయి. వేడి 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్. వైరు జాలీ పంజరాల్లో ఈ రెండూ నిలవవు కాబట్టి వాటిని పక్కన పెట్టేయండి. గాజు అక్వేరియం, దానిమీద గాజుదో అక్రిలిక్‌దో మూత కావాలి. రెండు చిన్న పీతలకు 40 లీటర్ల తొట్టి సరిపోతుందంటారు. కానీ తర్వాత ఎలాగూ పెద్దది కొనాల్సి వస్తుంది, కాబట్టి మొదటే 75 లీటర్లది తీసుకోవడం మేలు.

గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ డిజిటల్‌ది తీసుకోండి. ముల్లు తిరిగేవాటిని అస్సలు నమ్మొద్దు. డిజిటల్‌దాన్ని కూడా ఒకసారి పరీక్షించాలి. సీసా మూతలో మామూలు ఉప్పు పోసి, తడిసి ముద్దయ్యేంత మాత్రం నీళ్లు చల్లండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ హైగ్రోమీటర్‌నూ గాలి చొరబడని జిప్ కవర్లో కలిపి పెట్టి 12 గంటలు వదిలేయండి. ఆ కవర్లో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. మీ మీటర్ 70 చూపిస్తే, ఇకమీదట ప్రతి అంకెకూ 5 కలిపి చదువుకోవాలి. మీటర్ తప్పు చూపిస్తుంటే ఇక మీరు చేసేదంతా ఊహాగానమే. మీటర్‌ను మూత దగ్గర కాకుండా పీత తిరిగే ఎత్తులో, ఇసుకకు కాస్త పైన బిగించండి.

తేమ తగ్గగానే స్ప్రే బాటిల్ అందుకోవడం చాలామందికి అలవాటు. స్ప్రే కొడితే గంటసేపు అంకె పెరుగుతుంది, మళ్లీ పడిపోతుంది. కొట్టిన నీళ్లేమో ఇసుకలో దిగి అడుగున చేరతాయి. రోజూ కొడితే నెల తిరిగేసరికి తొట్టి అడుగున మడుగు కడుతుంది, కుళ్లిన గుడ్డు వాసన మొదలవుతుంది. లోపల ఇసుకలో పీత పడుకుని ఉంటే దాని గతి అంతే. తేమ రావాల్సింది తడి ఇసుక నుంచి, నీళ్ల గిన్నెల నుంచి. చాలకపోతే గిన్నెలో చిన్న ఎయిర్ పంపు గొట్టం వేసి బుడగలు వచ్చేలా చెయ్యండి, ఒక మూల తడిపిన స్ఫాగ్నమ్ నాచు పెట్టండి. అప్పటికీ నిలవకపోతే మూత సందుల్లోంచి తేమ పోతోందని అర్థం. ముందు ఆ సందులు మూయాలి.

వేడి కోసం వాడే హీట్ మ్యాట్‌ను (కరెంటుతో వేడెక్కే పలుచటి పరుపు) తొట్టి కింద పెట్టకూడదు. ఇసుక వేడిని అడ్డుకుంటుంది కాబట్టి పైన గాలికి వేడి అందదు, లోపల దాక్కున్న పీత మాత్రం ఉడికిపోతుంది, గాజు పగిలే ప్రమాదం కూడా ఉంది. వెనక గోడకు బయటివైపు, ఇసుక మట్టానికి పైన అతికించి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్‌కి కలపండి. మ్యాట్ ఒక పక్కకు ఉంటే రెండో పక్క కాస్త చల్లగా ఉంటుంది. తనకు నచ్చిన చోటు పీత తనే వెతుక్కుంటుంది.

ఇక ఇసుక. ఐదు పాళ్లు మెత్తటి ఇసుక, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు). కోకోపీట్‌లో ఎరువు కలిపి ఉండకూడదు, ఇసుకలో రంగు ఉండకూడదు. ‘కాల్షియం ఇసుక’ పేరుతో అమ్మేది తడిస్తే సిమెంటులా గట్టిపడుతుంది, వద్దు. గులకరాళ్లయితే తవ్వడానికే కుదరదు. లోతు కనీసం 15 సెంటీమీటర్లు, లేదా మీ దగ్గరున్న అతిపెద్ద పీత ఎత్తుకు మూడింతలు. ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న తొట్టిలో 20 సెంటీమీటర్లు పోయాలంటే మొత్తం 36 లీటర్ల మిశ్రమం కావాలి. అంటే పొడి ఇసుకే సుమారు 45 కిలోలు. బల్ల అంత బరువు మోస్తుందో లేదో ముందే చూసుకోండి, ఇసుక పోశాక తొట్టిని జరపడం కుదరని పని.

మిశ్రమాన్ని సముద్రపు ఉప్పు నీళ్లతో తడపాలి. అన్ని నీళ్లూ ఒక్కసారిగా గుమ్మరించకుండా అర లీటరు చొప్పున పోస్తూ అడుగు నుంచి కలుపుతూ రండి. గుప్పెడు తీసి పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. ఆ ముద్దలో చూపుడువేలితో రంధ్రం పొడిస్తే ఆ రంధ్రం కూలకుండా నిలవాలి. పొడిగా ఉంటే పీత తవ్వుకున్న గుహ దానిమీదే కూలుతుంది. మరీ తడిగా ఉంటే అది ఊపిరాడక చస్తుంది.

నీళ్ల గిన్నెలు రెండు: ఒకటి మంచినీళ్లకు, ఒకటి ఉప్పునీళ్లకు. పీత రెండింట్లోనూ దిగి, గుల్లలోని నీటి ఉప్పదనాన్ని తనే సరిచూసుకుంటుంది. అందుకని రెండూ తప్పనిసరి. పెద్ద పీత మునిగేంత లోతు ఉండాలి, చిన్నది పైకి పాకి రావడానికి రాళ్లో ప్లాస్టిక్ వలో ఉండాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ తీసేయడానికి అక్వేరియంలకు వాడే డీక్లోరినేటర్ కలపండి. రాత్రంతా మూత తీసి ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది కానీ నీటిశుద్ధికే వాడే క్లోరమైన్ అనే మరో రసాయనం పోదు. ఉప్పునీటికి అక్వేరియం మెరైన్ సాల్ట్ లీటరుకు సుమారు 35 గ్రాములు. నీటి సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ఉంటే 1.021 నుంచి 1.026 మధ్య రావాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. అందులో అయోడిన్ ఉంటుందని భయపెడతారు గానీ అసలు లోపం అది కాదు, సముద్రపు నీటిలో ఉండే మెగ్నీషియం, కాల్షియం లాంటివి అందులో లేకపోవడం. ఫిల్టర్ లేకపోతే రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి.

పైన చెప్పిన ఏర్పాటంతా ఒక్క పని కోసమే: మోల్టింగ్, అంటే కుబుసం విడవడం. పీత పెరగాలంటే ఒంటిమీది పాత పెంకును వదిలేసి కొత్తది గట్టిపడేదాకా ఆగాలి. ఆ రోజుల్లో ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, కాళ్లు కదపలేదు. అందుకే ఇసుకలోకి దిగిపోయి, చిన్న గుహ చేసుకుని, అందులో ఒంటరిగా గడుపుతుంది. చిన్న పీతకు నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పెద్దవాటికి రెండు మూడు నెలలు మామూలే, ఇంకా ఎక్కువ పట్టినా కంగారు పడక్కర్లేదు. బయటికి వచ్చే ముందు విడిచిన పెంకును అదే నెమ్మదిగా తినేస్తుంది. కొత్త పెంకుకు కావలసిన కాల్షియంలో మంచి భాగం అందులోంచే దొరుకుతుంది. ‘పాపం, చెత్త తీసేద్దాం’ అని ఆ పెంకును పారేయకండి.

దిగేముందు సూచనలు కనిపిస్తాయి. నీళ్ల గిన్నె దగ్గర ఎక్కువసేపు ఉంటుంది, విపరీతంగా తింటుంది, అక్కడక్కడా గోతులు తవ్వి వదిలేస్తుంది. కళ్లమీద మసక పొర వస్తుంది, కాళ్ల రంగు వెలిసినట్టు బూడిదగా మారుతుంది. కాలు ఊడిన పీతకైతే ఆ చోట జెల్లీలాంటి చిన్న మొలక కనిపిస్తుంది. ఆ మొలక ఉబ్బిందంటే మోల్టింగ్ దగ్గర్లోనే ఉంది. కొత్త కాలు అందులోంచే వస్తుంది.

ఇక్కడ పాటించాల్సిన నియమం ఒక్కటే: తవ్వకండి. ‘బతికుందో లేదో ఒక్కసారి చూస్తా’ అని తవ్వినవాళ్లే ఎక్కువ పీతల్ని చంపుకున్నారు. గుహ కూలితే మెత్తటి ఒళ్లు నలిగిపోతుంది. అది నిజంగా చనిపోతే మీరు తవ్వి చూడక్కర్లేదు, కుళ్లిన చేప వాసన మూత తీయగానే ముక్కుకు తగులుతుంది. వాసన లేదంటే వదిలేయండి. పీతలు కింద ఉన్నప్పుడు ఇసుక మార్చడం, తొట్టి కడగడం లాంటి పనులు కూడా పెట్టుకోవద్దు.

ఒక్కోసారి పీత ఇసుకపైనే కుబుసం విడుస్తుంది. సాధారణంగా ఇసుక లోతు చాలకో, పొడిబారో ఇలా జరుగుతుంది. దాన్ని చేత్తో ఎత్తొద్దు. ప్లాస్టిక్ సీసా అడుగు కోసేసి, మూత తీసేసి, పీత చుట్టూ వచ్చేలా బోర్లించి ఇసుకలోకి అదమండి. పైన గుడ్డ కప్పి చీకటి చెయ్యండి. ఇలా అడ్డు పెట్టకపోతే మెత్తగా ఉన్న పీత వాసన పట్టి మిగతావి తినేస్తాయి. బయటపడ్డ ఖాళీ పెంకును చూసి పీత చచ్చిందనుకుని పారేసేవాళ్లూ ఉన్నారు. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా, లోపల బోలుగా ఉంటే అది కుబుసం. దాన్ని సీసాలోనే పీత పక్కన పెట్టేయండి.

గుల్లల విషయంలో పీనాసితనం చూపించొద్దు. ఒక్కో పీతకు మూడు నుంచి ఐదు ఖాళీ గుల్లలు, ఇప్పుడున్నదాని సైజువి కొన్ని, కాస్త పెద్దవి కొన్ని ఉండాలి. చూడాల్సింది గుల్ల సైజు కంటే దాని నోరు. కరేబియన్ పీతలకు గుండ్రటి నోరున్న టర్బో గుల్లలు నచ్చుతాయి. ఈక్వడోరియన్ పీత పొట్ట బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి దానికి కోలగా, సగం చందమామలా ఉన్న నోరు కావాలి. పెద్ద డెక్కతో నోటిని పూర్తిగా మూసుకోగలిగితే గుల్ల సరిపోయినట్టే. గుల్ల మార్చడం చూడ్డానికి బాగుంటుంది: డెక్కతో అంచు చుట్టూ తడుముతుంది, లోపలికి కాలు పెట్టి ఇసుక తోడేస్తుంది, నాలుగు మీసాలూ ఆడిస్తూ అటూ ఇటూ చూసి, రెప్పపాటులో పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి దూకుతుంది. రంగులు వేసిన గుల్లలు కొనొద్దు. రంగు పెచ్చులూడితే పీత వాటిని తినేస్తుంది. కొత్త గుల్లల్ని ఐదు నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లారాక, లోపలి నీళ్లు వంచేసి తొట్టిలో పెట్టండి.

పీతలు ఒకదాని గుల్ల ఒకటి లాక్కుంటూ కిచకిచలాడుతుంటే మొదట గుల్లలు పెంచండి, తర్వాత మాంసకృత్తులు పెంచండి. చాలావరకు ఈ రెంటితో సద్దుమణుగుతుంది. గుల్ల పూర్తిగా వదిలేసి ఒట్టి ఒంటితో తిరుగుతుంటే మాత్రం ముందు వేడి, తేమ చూడండి. ఆ పీతను చిన్న గిన్నెలో, అరంగుళం మంచినీళ్లలో, రెండు మూడు సరిపోయే గుల్లలతో పెట్టి మూసి చీకట్లో వదిలేస్తే తరచుగా తనే ఎక్కేస్తుంది.

తిండి నిజంగా తేలిక. ఉప్పు వేయని ఎండు రొయ్యలు, చేప ముక్క, పెంకుతో సహా ఉడికించిన గుడ్డు, ఆకుకూరలు, క్యారెట్, గుమ్మడి, పండ్లు, సముద్రపు నాచు, ఎండిన ఓక్ ఆకులు, ఏదైనా తింటాయి. కాల్షియం కోసం కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ లోపలి ఎముకలాంటి పెంకు) ఎప్పుడూ తొట్టిలో ఉండాలి. ఇవి రాత్రిపూట తిరిగే జీవులు, అందుకని సాయంత్రం పెట్టి పొద్దున తీసేయండి. పెట్టేది పీతకు వేలిగోరంత చాలు. పురుగుమందు కొట్టినవి, ఉప్పు, నూనె, ఉల్లి, వెల్లుల్లి తగిలినవి వద్దు. డబ్బా ఆహారం కొనేముందు లేబుల్ మీద ఎథాక్సిక్విన్, కాపర్ సల్ఫేట్ అనే రసాయనాలు ఉన్నాయేమో చదవండి. ఉంటే అక్కడే పెట్టేయండి. ఎక్కడానికి పెట్టే కొమ్మల్లో పైన్, దేవదారు లాంటి జిగురు కలపలు వాడొద్దు.

తొట్టి సిద్ధమయ్యాక నాలుగైదు రోజులు ఖాళీగానే నడపండి. తేమ, వేడి రాత్రీ పగలూ నిలబడితేనే పీతను తెచ్చుకోండి. ఒంటరిగా కాకుండా రెండు మూడు తెస్తే బాగా తిరుగుతాయి. ఎంచుకునేటప్పుడు కాళ్లు వేలాడేస్తున్నదాన్ని, చేప వాసన వస్తున్నదాన్ని వదిలేయండి. ముట్టుకోగానే లోపలికి ముడుచుకునేది, మీసాలు గబగబా ఆడించేది తీసుకోండి. అమ్మకానికి వచ్చేవి దాదాపు అన్నీ సముద్రతీరాల్లో పట్టుకున్నవే. పిల్లలు సముద్రపు నీళ్లలోనే పెరగాలి కాబట్టి ఇంట్లో సంతానం సాధించినవాళ్లు చాలా తక్కువమంది. కాబట్టి ఎవరైనా పెంచలేక వదిలేస్తున్నవి దొరికితే ముందు వాటిని తీసుకోండి. వచ్చేది పొడి పంజరంలోంచే అయివుంటుంది కాబట్టి మొదటి నెల చేతిలోకి తీసుకోవడాలు, ఆడించడాలు పెట్టుకోకుండా, నీళ్లు మార్చడం, తిండి పెట్టడం వరకే చెయ్యి పెట్టండి. వచ్చీ రాగానే ఇసుకలోకి దిగిపోయి వారాల తరబడి కనిపించకపోయినా అది మంచి లక్షణమే.