రాయి ఒకటే, స్కాన్‌కో సైజు

ఎడమ పక్క వీపు దగ్గర మొదలై గజ్జల దాకా జారే నొప్పి, దాంతోపాటు వాంతులు, ఎటు తిరిగి పడుకున్నా ఊరట ఉండదు. కిడ్నీలోని రాయి మూత్రనాళంలోకి దిగినప్పుడు వచ్చే నొప్పి తీరు ఇది. ఇంజెక్షన్‌తో నొప్పి కాస్త సద్దుమణిగాక నాకు మొదట తీసింది అల్ట్రాసౌండ్. ఎడమ కిడ్నీకి కొద్దిగా వాపు ఉందని, రాయి మాత్రం కనబడలేదని రిపోర్టు ఇచ్చారు.

కనబడలేదంటే లేదని కాదు. మూత్రనాళం పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. కిడ్నీ నుంచి బయటపడే చోటు, మూత్రాశయంలో కలిసే చోటు అల్ట్రాసౌండ్‌కి బాగానే అందుతాయి. మధ్య భాగాన్ని పేగుల్లోని గ్యాస్ కప్పేస్తుంది, ధ్వని తరంగాలు గాలిని దాటలేవు. అందుకే రాయి దొరక్కపోయినా, మూత్రానికి ఎక్కడో అడ్డు పడిందని చెప్పే వాపు దొరికిందంటే ఆ స్కాన్ తన పని చేసినట్టే. జ్వరం, చలి కూడా ఉంటే అంతకుమించి వెతుకుతూ కూర్చోకూడదు. అడ్డుపడిన మూత్రంలో ఇన్ఫెక్షన్ చేరితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఈ స్కాన్‌కి గంట ముందు నాలుగైదు గ్లాసుల నీళ్లు తాగి మూత్రం ఆపుకోమంటారు. మూత్రాశయం నిండితేనే దాని వెనకున్న నాళం చివర కనబడుతుంది. అయితే మరీ బిగుసుకుపోయేంత ఆపుకుంటే మామూలు కిడ్నీ కూడా వాచినట్టు కనిపించవచ్చు. అప్పుడు మూత్రానికి వెళ్లొచ్చాక మళ్లీ చూడమని అడగాలి. పరగడుపున రమ్మనేది ముఖ్యంగా పిత్తాశయం కోసం, ఒక్క కిడ్నీలకైతే అది తప్పనిసరి కాదు. నొప్పి ఉధృతంగా ఉన్నప్పుడు బలవంతంగా నీళ్లు పట్టిస్తే నొప్పి పెరుగుతుందే తప్ప రాయి కొట్టుకుపోదు.

తర్వాత ప్లెయిన్ సీటీ కేయూబీ, అంటే కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం చూసే సీటీ స్కాన్. రాయి సంగతి తేల్చడంలో దీన్ని మించింది లేదు. ఇంజెక్షన్ ఉండదు, మందు తాగించరు, ఊపిరి బిగబట్టిన కొద్ది సెకన్లలో అయిపోతుంది. నడుము దగ్గర లోహం ఉంటే బొమ్మ చెడుతుంది కాబట్టి బెల్టు, వెండి మొలతాడు, జిప్పున్న ప్యాంటు తీసేయాలి. గర్భం ఉండే అవకాశం ఏమాత్రం ఉన్నా టెక్నీషియన్‌కి ముందే చెప్పాలి. నాళం చివర రాయి కనబడినప్పుడు కొన్నిచోట్ల బోర్లా పడుకోబెట్టి ఇంకోసారి తీస్తారు. మూత్రాశయంలోకి జారిపోయిన రాయి కిందికి దొర్లుతుంది, నాళంలో ఇరుక్కున్నది కదలదు. నాది కదల్లేదు.

రేడియేషన్ మాట నిజమే. మామూలు పద్ధతిలో పొట్ట సీటీకి సుమారు 10 మిల్లీసీవర్టుల (రేడియేషన్ మోతాదు కొలత) రేడియేషన్ పడుతుంది, రాళ్ల కోసమే తీసే లో-డోస్ పద్ధతిలో 3 లోపే ఉంచవచ్చు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున అందేది 2.4. బాగా లావుగా ఉన్నవారికి తప్ప లో-డోస్ సరిపోతుంది. అడిగితేనే ఆ పద్ధతిలో తీసే చోట్లున్నాయి గనుక అడగాలి.

సీటీ రిపోర్టులో మూడు విషయాలు వెతుక్కోవాలి. ఒకటి రాయి ఉన్న చోటు. రెండోది దాని వెడల్పు: నాళంలో దారి దొరకడం పొడవు కంటే వెడల్పు మీదే ఎక్కువ ఆధారపడుతుంది. 5 మిల్లీమీటర్ల లోపువి చాలావరకు వాటంతటవే పడిపోతాయి. మూడోది రాయి ఎంత దట్టంగా ఉందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల సంఖ్య. సీటీ కనిపెట్టినందుకు 1979లో నోబెల్ పంచుకున్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ కొలతకు పెట్టారు. 500 లోపుంటే యూరిక్ యాసిడ్ రాయి కావచ్చు, దాన్ని మందులతో కరిగించే వీలుంది. 1000 దాటితే గట్టి రాయి, బయటి నుంచి షాక్ తరంగాలతో పగలగొట్టడం కష్టం. నాది 6 మిల్లీమీటర్లు, 1100.

సీటీకి ముందు ఎక్స్‌రేలాగా తీసే స్కౌట్ బొమ్మలో రాయి కనిపిస్తోందేమో డాక్టర్‌ను చూడమనండి. అందులో కనబడితే ఆ తర్వాత మామూలు ఎక్స్‌రేతోనే రాయి కదలికను గమనించవచ్చు, ప్రతిసారీ సీటీ అక్కర్లేదు. యూరిక్ యాసిడ్ రాళ్లు మాత్రం ఎక్స్‌రేలో కనబడవు. ఇంకో తికమక ఏమిటంటే, కటిభాగంలోని సిరల్లో గట్టిపడే చిన్న సున్నపు చుక్కలు కూడా ఎక్స్‌రేలో అచ్చం రాయిలాగే ఉంటాయి.

కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఇచ్చే అయోడిన్ మందు) ఎక్కించే సీటీ రాయి ఉందా లేదా అని చూడటానికి కాదు. మూత్రంలో రక్తానికి వేరే కారణం వెతకాలన్నా, నాళం ఆకృతి తెలియాలన్నా తీస్తారు. అయోడిన్ మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వేడెక్కుతుంది, నోట్లో ఇనుము రుచి, మూత్రం పోయినట్టు భ్రమ. ఇవి నిమిషంలో పోతాయి. దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే చెప్పాలి. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ఒప్పుకోవద్దు. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బుల ప్రాంతాలవారికి ఇది మరీ ముఖ్యం. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవారు, కిడ్నీ పనితీరు బాగా తగ్గి ఉంటే, ఎప్పుడు ఆపి ఎప్పుడు మొదలెట్టాలో డాక్టర్ని అడగాలి.

ఖరీదైనది కదా అని ఎంఆర్ఐ అడిగేవాళ్లున్నారు. అరగంట పైగా గొట్టంలో పడుకున్నా రాయి అందులో సరిగ్గా కనబడదు, ఖాళీ నల్ల మచ్చలా మిగులుతుంది. గర్భిణులకు అల్ట్రాసౌండ్‌తో తేలనప్పుడు అది అక్కరకొస్తుంది. వాపు చాలాకాలంగా ఉండి, ఆ కిడ్నీ ఎంత పని చేస్తోందో తెలియాలంటే డీటీపీఏ స్కాన్. టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు ఇంజెక్షన్ ఇస్తారు, దాని బలం ఆరు గంటలకొకసారి సగమవుతుంది. అంచేత ఆ రోజు చంటిపిల్లల్ని ఎత్తుకోకుండా ఉండటం మంచిది.

రాయి దిగడానికి మూత్రనాళాన్ని వదులు చేసే టామ్సులోసిన్ మాత్రలు వాడి చూశాక తీసిన ఎక్స్‌రేలో నా రాయి ఉన్నచోటే ఉంది. నొప్పి మాత్రం ఎప్పుడో పోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నొప్పి లేకుండానే అడ్డు కొనసాగితే ఆ కిడ్నీ చప్పుడు లేకుండా పాడైపోతుంది. ఎండోస్కోపీతో రాయి పగలగొట్టి డీజే స్టెంట్ (మూత్రం అడ్డు లేకుండా పోవడానికి నాళంలో ఉంచే సన్నని గొట్టం) వేశారు. అది సరైన చోట ఉందని చూపేది మళ్లీ ఎక్స్‌రేనే. స్టెంట్ ఉన్నన్నాళ్లూ మూత్రం పోసేటప్పుడు నడుములో లాగడం, నడిచినప్పుడు మూత్రం ఎర్రబడటం మామూలే. తీయించే తేదీ మాత్రం ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. నెలల తరబడి మరిచిపోతే స్టెంట్ మీదే రాయి పేరుకుంటుంది.

స్టెంట్ తీశాక చేసిన అల్ట్రాసౌండ్‌లో వాపు తగ్గింది, కానీ కుడి కిడ్నీలో 4 మిల్లీమీటర్ల రాయి ఉందని రాశారు. సీటీలో అది లేదు. ఇంత చిన్నవాటిని అల్ట్రాసౌండ్ ఒకటి రెండు మిల్లీమీటర్లు పెద్దగా చూపడం, లోపలి కొవ్వునో రక్తనాళం గోడనో రాయిగా చూపడం మామూలే. పాత సీటీ సీడీ చూపించి, నిజమైన రాయికి సాధారణంగా ఉండే గుర్తులు చూడమని అడిగాను: దాని వెనక నీడ పడుతోందా, కలర్ డాప్లర్‌లో (అల్ట్రాసౌండ్‌లోనే రంగులతో చూసే పద్ధతి) మెరుపు వస్తోందా అని. రెండూ లేవు. రిపోర్టు మార్చి ఇచ్చారు. పగలగొట్టి పరీక్షకి పంపిన ఎడమ కిడ్నీ రాయి ముక్కల్లో కాల్షియం ఆక్సలేట్ ఉందని తేలింది. ఇక ఏడాదికోసారి అల్ట్రాసౌండ్, రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు, నొప్పి తిరిగొస్తేనే సీటీ.