లో ప్రొఫైల్ టైర్లు వేయించాలా, వద్దా: నా అనుభవం

నా హ్యాచ్‌బ్యాక్ కారుకు కంపెనీ బిగించి ఇచ్చిన టైర్లు అరిగి, వాటి గాడుల అడుగున 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండే అరుగుదల గుర్తుకు దగ్గరపడ్డాయి. ఎలాగూ నాలుగూ మార్చవలసిందే కనుక, రిమ్ములు కూడా మార్చి 17 అంగుళాల అల్లాయ్ రిమ్ములపై, పక్కగోడ పొట్టిగా ఉండే లో ప్రొఫైల్ టైర్లు వేయిద్దామనుకున్నాను. ఈ కోరిక కేవలం అందం కోసం పుట్టినది కాదు. నేను ఉద్యోగానికి విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా రణస్థలం చేరి, అక్కడ 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి శ్రీకాకుళం వెళ్తాను. పైడిభీమవరం పరిశ్రమలకు వచ్చిపోయే లారీలతో ఆ రహదారి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. వాటిని దాటేటప్పుడు స్టీరింగ్ తిప్పాక బండి కాస్త ఆలస్యంగా స్పందిస్తున్నట్టు అనిపించేది. అటువంటి టైర్లే వేయించుకున్న సహోద్యోగి కారును ఒకసారి అదే దారిలో నడిపి చూస్తే, స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే, తిప్పిన వెంటనే తిరిగింది.

నిర్ణయానికి ముందు లెక్క చూసుకోవాలనుకున్నాను. నా బండి సైజు 185/65 ఆర్15. అందులో 185 అనేది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అనేది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, 15 అనేది రిమ్ము వ్యాసం అంగుళాలలో తెలిపే అంకెలు. అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య దాదాపు 120 మిల్లీమీటర్ల రబ్బరు, గాలి ఉన్నాయి. షాపువారు సూచించిన 205/45 ఆర్17లో ఆ ఎత్తు 92 మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. చక్రం మొత్తం వ్యాసం మాత్రం 621 నుంచి 616కు, అంటే ఒక శాతం కూడా మారదు కనుక, స్పీడోమీటరు విషయంలో బెంగ లేదు. పోయేదల్లా ఆ 28 మిల్లీమీటర్ల పక్కగోడే. గుంత అంచు తగిలినప్పుడు దెబ్బను మింగవలసింది అదే. అది పొట్టిదైతే టైరు గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి, పక్కన ఉబ్బు వస్తుంది. రోడ్డును తాకే భాగంలో మేకు దిగితే పంచరు వేయించుకోవచ్చు గానీ, పక్కగోడ ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు, తీసి పారేయవలసిందే. దెబ్బ గట్టిదైతే అల్లాయ్ కూడా సొట్టపోతుంది లేదా పగులుతుంది.

ఇక్కడ ఎక్కువమంది పట్టించుకోని మరో అంకె ఉంది. సైజు పక్కనే ముద్రించే బరువు సూచిక అది. నా పాత టైర్లపై 88 ఉంది, అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది. నాకు మొదట చూపించిన 17 అంగుళాల టైర్లపై 84 ఉంది, అంటే 500 కిలోలే. అదే సైజులో 88 సూచికతో ఎక్స్‌ఎల్ అనే గట్టి రకం కూడా దొరుకుతుందని అడిగితేనే చెప్పారు. ఇంటిల్లిపాదినీ, బియ్యం బస్తానూ ఎక్కించుకుని తిరిగే మన బండ్లకు ఈ అంకె చూడకుండా టైరు కొనకూడదని నా గట్టి అభిప్రాయం.

నా దారులు రహదారితో ముగియవు. సెలవులు వస్తే గజపతినగరం, రామభద్రపురం, బొబ్బిలి మీదుగా పార్వతీపురం వైపు అత్తవారి ఊరికి వెళ్తాం, చివర ఊళ్లోకి మళ్లే చిన్న రోడ్డు వానాకాలంలో ఎలా ఉంటుందో ఆ వైపు వారికి చెప్పనక్కర్లేదు. చక్రాల దిశను సరిచేసే అలైన్‌మెంట్ షాపు ఆయన మాట నన్ను బాగా ఆలోచింపజేసింది: "మాస్టారూ, ఎండాకాలంలో గుంత కనిపిస్తుంది, తప్పిస్తారు. నీళ్లు నిండిన గుంతని ఎలా తప్పిస్తారండీ?" పైగా ఆ సైజు తన దగ్గర ఉండదనీ, విశాఖపట్నం నుంచి తెప్పించాలనీ చెప్పారు. దారిలో ఒక టైరు పోతే కొత్తది వచ్చేదాకా 15 అంగుళాల స్టెప్నీతో నెట్టుకురావాలి.

మధ్యేమార్గంగా 195/55 ఆర్16 కూడా పరిశీలించాను. పక్కగోడ 107 మిల్లీమీటర్లు, మొత్తం వ్యాసం దాదాపు మారదు. నగరంలోనూ రహదారిపైనా మాత్రమే తిరిగేవారికి అది మంచి ఎంపికే. అయితే అలైన్‌మెంట్ షాపు ఆయనే నా పాత టైర్ల పక్కన ఉన్న నాలుగంకెల తయారీ గుర్తును చూపించారు. మొదటి రెండంకెలు వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. ఆ లెక్కన అవి అరగడమే కాక వయసు మీరి రబ్బరు గట్టిపడిపోయినవి. ముందు చక్రాల అలైన్‌మెంట్ కూడా తప్పి ఉంది. నేను సైజులో ఉందనుకున్న లోపంలో చాలా భాగం అక్కడే ఉందని అర్థమైంది.

చివరకు 15 అంగుళాల రిమ్ములనే ఉంచి, 185/65 సైజులోనే 88 సూచిక ఉన్న, ఇటీవల తయారైన నాలుగు టైర్లు వేయించి, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించాను. గాలి కూడా డ్రైవరు తలుపు పక్కన అంటించిన పట్టీలో ఉన్న లెక్క ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టిస్తున్నాను. సహోద్యోగి కారులో ఉన్నంత చురుకుదనం రాలేదన్నది నిజమే గానీ, రణస్థలం దాటాక లారీని దాటేటప్పుడు ఉండే ఆ ఆలస్యం మాత్రం దాదాపు పోయింది.