ఆకులు అక్కడా రాలతాయి, ఇక్కడా రాలతాయి

పరదేశంలో పిల్లల్ని పెంచుతున్న తెలుగువాళ్లం నలుగురం కలిస్తే మాట భాష మీదికో చదువుల మీదికో పోతుంది. మొక్కల ఊసు రాదు. నన్నడిగితే, రెండు దేశాల మధ్య పెరిగే పిల్లలకు మొక్కల్ని మించిన పాఠం లేదు. చలి నేల మీద చెట్టు ఎలా బతుకుతుందో వీళ్లు రోజూ బడికి వెళ్లే దారిలో చూస్తారు. ఎండ నేల మీద ఎలా బతుకుతుందో సెలవుల్లోనూ వీడియో కాల్‌లోనూ చూస్తారు. ఒకే చోట పెరిగే పిల్లలకు ఈ రెండోది పుస్తకంలో బొమ్మ మాత్రమే. మన పిల్లలు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోగలరు.

చలి వస్తుంది కాబట్టి ఆకులు రాలతాయని మా చిన్నవాడికి బడిలో చెప్పారు. సరే అనుకున్నాడు. మార్చిలో తాతయ్య ఫోన్‌లో టేకుచెట్లు చూపిస్తే అన్నీ మోడులే. "తాతయ్యా, అక్కడ చలి లేదు కదా, మరి ఎందుకు రాలాయి?" అన్నాడు. "వానల్లేవు కదరా, దానికి నీళ్లెక్కడివి?" అన్నారు మా నాన్న. బడిలో ఒక జవాబు, తాతయ్య దగ్గర ఇంకో జవాబు. ఏది నిజమో తేల్చమని నా దగ్గరికి వచ్చాడు.

రెండూ ఒకటే. ఆకు అడుగున కంటికి కనిపించనంత చిన్న రంధ్రాలుంటాయి. బొగ్గుపులుసు వాయువు లోపలికి రావాలంటే అవి తెరుచుకోవాలి, తెరుచుకుంటే నీటి ఆవిరి బయటికి పోతుంది. అంటే ఆకు ఉన్నంతకాలం చెట్టుకు నీళ్ల ఖర్చు తప్పదు. టేకు అడవిలో ఎండాకాలం నేలలో నీరుండదు. చలిదేశంలో నేలలో నీరుంటుంది గానీ గడ్డకట్టి ఉంటుంది, వేరు దాన్ని పీల్చుకోలేదు. చెట్టుకు సంబంధించినంత వరకు గడ్డకట్టిన నీరూ లేని నీరూ సమానమే. అందుకే రెండు చోట్లా పల్చటి వెడల్పాటి ఆకుల్ని వదిలించుకోవడమే దానికి మేలు. తేడా ఎక్కడంటే, చలిదేశపు చెట్టుకు ముందస్తు కబురు ముఖ్యంగా పగటిపొద్దు కురచ కావడం వల్ల అందుతుంది, టేకుకు నేల ఎండిపోవడం వల్ల అందుతుంది.

రాలడం కూడా ఊరికే జరిగిపోయేది కాదు. చెట్టు ముందుగా ఆకులోని నత్రజని, భాస్వరం వంటివి చాలావరకు వెనక్కి లాక్కుంటుంది. పత్రహరితం విరిగిపోతుంది. అంతకుముందు నుంచే ఆకులో ఉన్న పసుపు రంగు అప్పుడు బయటపడుతుంది. ఎరుపు మాత్రం చాలా చెట్లలో ఆ రోజుల్లోనే కొత్తగా తయారవుతుంది. ఆ తర్వాత కాడ మొదట్లో ఒక పొర కణాలు విడివడి ఆకు ఊడుతుంది, ఊడిన చోట బెరడులాంటి పొర గాయాన్ని మూసేస్తుంది. పచ్చి కొమ్మని విరిచి ఎండనిచ్చి చూస్తే దాని ఆకులు అంత తేలిగ్గా రాలవు, కొమ్మకే వేలాడుతుంటాయి. ఎందుకంటే రాల్చడానికి చెట్టు బతికి ఉండాలి. ఈ సంగతి పిల్లలు తమ చేత్తో పట్టుకుని చూడాల్సిందే. చెప్తే సగమే ఎక్కుతుంది.

పోలిక ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది, అది కూడా మంచిదే. మోదుగ ఆకులు రాల్చేసి ఒళ్లంతా పూలతో నిలబడుతుంది. ఇక్కడ బర్చ్, హేజెల్ చెట్లు కూడా ఆకులు పూర్తిగా విచ్చుకోకముందే పూస్తాయి. "రెండూ ఒకటేనా?" అని మా పెద్దది అడిగింది. కావు. మోదుగ పూలు పక్షులకు దూరం నుంచే ఎర్రగా కనబడాలి, అడ్డం ఆకుల్లేకపోతే ఇంకా బాగా కనబడతాయి. బర్చ్ పుప్పొడిని గాలి మోస్తుంది. దాని పూలకు రంగూ లేదు, తేనే లేదు, తోకల్లా వేలాడుతుంటాయి. గాలికి ఆకులు అడ్డం రాకుండా ఉండాలంటే అవి పూర్తిగా విచ్చుకోకముందే పూయాలి. పైకి ఒకేలా ఉన్న రెండు పనుల వెనక కారణం ఒకటే కానక్కర్లేదని ఆ రోజు దానికి అర్థమైంది. నేను పది పాఠాలు చెప్పినా అంత తెలిసేది కాదు.

ఇక చెట్టు ఒళ్లు ఎక్కడి నుంచి వస్తుంది? ఇది పిల్లల్నే కాదు, పెద్దల్నీ అడిగి చూడండి. మట్టిలోంచి అంటారు. బ్రస్సెల్స్‌కు చెందిన వాన్ హెల్‌మాంట్ ఈ ప్రశ్నను తూకం వేసి తేల్చాలనుకున్నాడు. ఎండబెట్టిన 200 పౌండ్ల మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు సుమారు 169 పౌండ్లయింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులు మాత్రమే. ఆయన చనిపోయాక 1648లో ఈ సంగతి అచ్చయింది. చెట్టంతా నీళ్లతోనే తయారైందని ఆయన తేల్చాడు. తూకం సరైనదే, ముగింపు సగమే నిజం. ఆకుపచ్చని భాగాలే, అదీ వెలుతురులోనే ప్రాణవాయువును వదులుతాయని 1779లో ఇంగెన్‌హౌజ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. గాలిలోని బొగ్గుపులుసు వాయువూ నీరూ కలిసి చెట్టు ఒళ్లుగా మారతాయని 1804లో సొస్యూర్ లెక్క కట్టాడు. ఆ తగ్గిన రెండు ఔన్సుల్ని ఆనాడు పట్టించుకోలేదు గానీ, మట్టి ఇచ్చే లవణాలు అందులోనే ఉన్నాయి, అవి లేకపోతే మొక్క లేదు. నూట యాభై ఏళ్లకు పైగా ఒకరి తర్వాత ఒకరు ఒకే ప్రశ్న వెంట నడవడం మా పెద్దదానికి బాగా పట్టింది. "అంటే ఈ బల్ల గాలేనా అమ్మా?" అని చెక్కబల్లను తట్టి చూసింది. చాలావరకు అంతే.

విత్తనాల దగ్గర మాత్రం రెండు వాతావరణాల తేడా మరీ స్పష్టం. ఆపిల్ పండులోంచి తీసిన గింజను వెంటనే నాటితే సాధారణంగా మొలవదు. తడి ఇసుకలో పెట్టి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచితే మొలుస్తుంది. ఆపిల్ పండేది చలికి ముందు. అప్పుడే మొలకెత్తితే మంచుకు చచ్చిపోతుంది. అందుకని చలి వచ్చి వెళ్లిందని గింజకు తెలియాలి. మామిడి దీనికి తిరగబడి ఉంటుంది. పండు వానలకు ముందు రాలుతుంది, టెంక వెంటనే మొలవాలి. ఆగే ఏర్పాటు దానిలో లేదు. ఎండబెడితే చచ్చిపోతుంది, గడ్డకట్టిస్తే చచ్చిపోతుంది. పనస గింజా అంతే. నార్వేలోని స్వాల్బార్డ్ దీవుల్లో 2008లో తెరిచిన విత్తన భాండాగారం మైనస్ 18 డిగ్రీల్లో లోకంలోని పంటల విత్తనాలు దాస్తుంది. మామిడిని అలా దాచలేరు, దాన్ని బతికున్న చెట్టుగానే కాపాడుకోవాలి. మరోపక్క, ఉత్తర చైనాలో ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన తామర గింజ దాదాపు 1300 ఏళ్ల తర్వాత మొలిచింది. ఇజ్రాయెల్‌లోని మసాడా కోట తవ్వకాల్లో దొరికిన, సుమారు 2000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజను 2005లో నాటితే అదీ చెట్టయింది.

మాటల్లో మాట, ఇష్టం కొద్దీ గింజల్నీ మట్టినీ సూట్‌కేసులో వేసుకుని దేశాలు దాటించొద్దు. వాటితో పాటు పురుగులూ తెగుళ్లూ ప్రయాణం చేస్తాయి. చాలా దేశాలు మొక్కలకు ఆరోగ్య ధ్రువపత్రం అడగడం అందుకే. పిల్లలకు ఈ కారణం చెప్తే వాళ్లే పెద్దవాళ్లని ఆపుతారు.

మొక్క దేశం మారితే ఏమవుతుందో చెప్పడానికి వనిల్లా కంటే మంచి కథ నాకు తెలియదు. మెక్సికో అడవుల నుంచి ఆ తీగను హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి తెచ్చారు. తీగ పెరిగింది, పూసింది, కాయ మాత్రం కాయలేదు. మెక్సికోలో దాని పూలను ఎరిగిన తేనెటీగలు ఈ దీవిలో లేవు. పువ్వు లోపల మగ భాగానికీ ఆడ భాగానికీ మధ్య సన్నటి పొర అడ్డం ఉంటుంది, పువ్వు ఒక్కరోజే విచ్చుకుని ఉంటుంది. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు సన్నటి పుల్లతో ఆ పొరను లేపి, బొటనవేలితో పుప్పొడిని అద్దే పద్ధతి కనిపెట్టాడు. ఈనాటికీ లోకంలో వనిల్లా కాయల్లో దాదాపు అన్నీ అలా చేత్తో అద్దితేనే కాస్తున్నాయి. లాభం ఇతరులకు చేరింది, ఆల్బియస్ పేదరికంలోనే 1880లో చనిపోయాడు. ఈ ముగింపును పిల్లల దగ్గర దాచకూడదనే నా అభిప్రాయం. మా పెద్దది విని చాలాసేపు కోపంగా ఉంది. ఉండాలి కూడా.

మర్రి, రావి, మేడి లాంటివైతే ఇంకా చిత్రం. వాటి పూలు కాయలాంటి సంచి లోపలే ఉంటాయి. లోపలికి దూరి పుప్పొడి చేర్చేది చీమ తలకాయంత చిన్న కందిరీగ, ఒక్కో జాతి చెట్టుకు దాదాపుగా ఒక్కో జాతి కందిరీగ. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఆ పురుగుల్లో ముఖ్యమైనవి ఇవే, ఇవి లేకపోతే మేడికి సంతానం లేదు. అమెరికాలోని ఫ్లోరిడాలో అందం కోసం నాటిన కొన్ని ఆసియా మర్రిజాతి చెట్లు చాలాకాలం విత్తనం లేకుండానే నిలబడ్డాయి. వాటి కందిరీగలు ఎలాగో అక్కడికి చేరాక గోడల మీదా ఇతర చెట్ల మీదా తమంతట తాము మొలవడం మొదలుపెట్టాయి. ఇంట్లో చూపించాలంటే గుమ్మడి తీగ చాలు. ఆడ పువ్వు కింద బుల్లి కాయ ఉంటుంది, మగ పువ్వు కింద ఉత్త కాడ. పొద్దున్నే మగ పువ్వు కోసి ఆడ పువ్వుకు అద్దితే ఆరేళ్ల పిల్లలు కూడా కాయ కాయించగలరు. మా చిన్నవాడు రెండు పూలకు అద్ది, ఇంకోదాన్ని అద్దకుండా సంచి కట్టి వదిలేశాడు. కట్టింది ఎండి రాలిపోయింది. ఆ పోల్చి చూడటం ఎవరూ చెప్పకుండా వాడికే తోచింది.

ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. మనవాళ్ల సభల్లో పిల్లల ముందు మొక్కను పట్టుకుని "వేర్లు మరవకండి, కొత్త నేలకు అలవాటుపడండి" అంటారు. నాకది నచ్చదు. అలా అన్న మరుక్షణం పిల్లలు మొక్కను చూడటం మానేసి మన ఉపదేశం వింటారు. పైగా అది మొక్కల విషయంలో నిజం కాదు. విత్తనం తయారయ్యేదే తల్లి చెట్టును వదిలి పోవడానికి. తల్లి నీడలో వెలుతురు తక్కువ, తల్లి మీది పురుగులూ బూజులూ అక్కడే ఎక్కువ. బూరుగుకు దూది, జిల్లేడుకు జుట్టు, కొబ్బరికి పీచు, మేపుల్ గింజకు రెక్క ఉన్నది అందుకే.

అలవాటుపడటం కూడా అనుకున్నంత తేలిక సంగతి కాదు. నీడలో ఉన్న మొక్కను ఎండలో పెడితే పాత ఆకులు మాడిపోవచ్చు, కొత్తగా వచ్చేవి చిన్నగా మందంగా వస్తాయి. అది ఆ ఒక్క మొక్క చేసుకోగల సర్దుబాటు. కానీ మందారాన్ని ఎన్నేళ్లు బయట పెట్టినా గడ్డకట్టే చలిని తట్టుకోవడం అది నేర్చుకోదు. అలాంటి మార్పు ఒక్క మొక్కలో రాదు. తరతరాలుగా పుట్టిన లెక్కలేనన్ని మొక్కల్లో తట్టుకోగలిగినవి మిగిలి, వాటి విత్తనాలే ముందుకు పోతే వస్తుంది. అమెరికా నుంచి వచ్చిన నాగజెముడు, మన పాత బొమ్మజెముడు ఒకే కుటుంబానివి కావు. వేర్వేరు ఖండాల్లో ఎండకు గురైన రెండు వంశాలు కండపట్టిన కాండం, ముళ్లు అనే ఒకే పరిష్కారానికి వచ్చాయి. విరిస్తే బొమ్మజెముడు పాలు కారుస్తుంది, నాగజెముడు కార్చదు. ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లల్ని దూరం నుంచే చూడనివ్వండి.

దేశాలు దాటిన మనిషి ఒకరిని చూపించాలనిపిస్తే జానకి అమ్మాళ్ గురించి చెప్తాను. 1897లో కేరళలోని తలస్సేరిలో పుట్టి, 1931లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకుని, కోయంబత్తూరులో చెరకు మీద పనిచేసి, 1940ల్లో ఇంగ్లండ్‌లో మొక్కల క్రోమోజోములు, అంటే కణంలో వంశ లక్షణాల్ని మోసే పోగులు, లెక్కపెట్టారు. విస్లీ తోటలో మాగ్నోలియా నారుకు కాల్చిసిన్ అనే మందు పెట్టి క్రోమోజోములు రెట్టింపయ్యేలా చేశారు. ఆవిడ పేరు పెట్టిన మాగ్నోలియా రకం ఇప్పటికీ ఉంది. 1950ల్లో తిరిగి వచ్చి భారతదేశంలో పనిచేశారు. మా అమ్మాయికి ఆవిడ ఏ దేశంలో ఉన్నారన్నది పెద్ద విషయంగా తోచలేదు. క్రోమోజోములు రెట్టింపైతే ఆకు ఎందుకు మందమవుతుందన్నదే తోచింది.

ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒక నోట్‌బుక్ పెట్టారు. ఎడమ పేజీలో తాతయ్య ఫోన్‌లో చెప్పే తేదీలు, మోదుగ మొదటి పువ్వు, వేప చిగురు, చామంతి మొగ్గ. కుడి పేజీలో ఇక్కడివి. చామంతి రెండు పేజీల్లోనూ ఉంది, అది రాత్రులు పొడవైతేనే పూసే మొక్క. పొగాకులో ఈ సంగతిని గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు 1920లో ప్రకటించారు. మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, ఆగకుండా సాగే చీకటిని అని తర్వాత తేలింది. అందుకే హాల్లో రాత్రి పొద్దుపోయేదాకా లైట్లు వేసి ఉంచే ఇంట్లో చామంతి మొగ్గ తొడగక పోవచ్చు. ఈసారి ఒక కుండీ లైటు కింద, ఒకటి సాయంత్రం నుంచి తెల్లారేదాకా అలమరాలో పెట్టి చూస్తామంటున్నారు. అలమరాలో చోటు చేయాలి, మధ్యలో తలుపు ఎవరూ తీయకూడదని చీటీ కూడా అంటించాలి.