తేదీ వెనక్కి, వరస ముందుకి

అట్లాంటాలో మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు, నల్లజాతి అమెరికన్. వారానికి మూడు రోజులు డయాలసిస్. 2023లో ఒకరోజు లంచ్ టైంలో ఒక ఉత్తరం చూపించారు. కిడ్నీ మార్పిడి వెయిటింగ్ లిస్టులో ఆయన తేదీని రెండేళ్లు వెనక్కి జరిపారట. "అయ్యో" అన్నాను. ఆయన నవ్వారు. తేదీ వెనక్కి వెళ్తే వరస ముందుకి వస్తుంది కదా, నాకే వెలగలేదు.

కారణం విన్నాక అన్నం సహించలేదు. రక్తంలో క్రియాటినిన్‌ని (కండరాల నుంచి వచ్చే, కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం) బట్టి కిడ్నీ పనితీరు లెక్కగట్టే ఫార్ములా ఉంది. అంకె తగ్గేకొద్దీ కిడ్నీ పాడైనట్టు. మా నాన్న షుగర్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఉండేది అదే. 2009 నాటి ఫార్ములాలో, రోగి నల్లజాతి అయితే వచ్చిన అంకెని 1.159తో హెచ్చవేసేవాళ్లు. వాళ్లకి కండ ఎక్కువ అన్న ఊహతో! అంకె 20కి దిగితేగానీ, లేదా డయాలసిస్ మొదలైతేగానీ, వెయిటింగ్ లెక్క మొదలవదు. ఆయన కాగితం మీద 20 పడేసరికి, ఆ హెచ్చవేత లేకపోతే అది 17 దగ్గర ఉండేది. 2021లో ఆ హెచ్చవేత లేని కొత్త ఫార్ములా వచ్చింది. పోయిన కాలాన్ని లిస్టులో కలపమని 2023లో ఆసుపత్రులకు చెప్పారు.

ఉత్తరం మడిచి పర్సులో పెట్టుకున్నారు. ఇప్పుడు మీటింగుల్లో కూడా ఫోన్ సైలెంట్‌లో పెట్టరు. ఎవరూ ఏమీ అనరు.