నాలుగేళ్ల తర్వాత ఏంటని అడిగేవాళ్లకు

ఆర్మీలో నాలుగేళ్ల ఉద్యోగం అగ్నివీర్‌కు సెలెక్ట్ అయ్యానని చెప్పగానే పది మందిలో తొమ్మిది మంది అడిగింది ఒకటే. "మరి నాలుగేళ్ల తర్వాత?" చుట్టాలు అడిగారు, బస్తీలో అంకుల్స్ అడిగారు, నాతో ఇంటర్ చదివినవాళ్లు అడిగారు. నేను ఆలోచించకుండా దూకేశానని వాళ్ల బాధ కావచ్చు. కానీ రెండేళ్లు ఆ ప్రశ్నతోనే పడుకుని, దానితోనే లేచాను, అందుకే ఒక్కసారి మొత్తం రాసి పెడుతున్నా.

మాది మెట్టుగూడ. సికింద్రాబాద్ స్టేషన్ మాకు నడిచి వెళ్లేంత దూరం. 2022 జూన్ 17న పొద్దున స్టేషన్ వైపు నుంచి పొగ లేస్తుంటే మా డాబా మీద నిలబడి చూశాను. అప్పటికి మూడు రోజుల కిందటే, కుర్రాళ్లను నాలుగేళ్లకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. ఆ రోజు దానికి వ్యతిరేకంగా జరిగిన గొడవలో రైలు బోగీలు కాలాయి, పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా అబ్బాయి ఒకడు చనిపోయాడు. మా పెద్దనాన్న కొడుకు, అంటే మా అన్న, అదే డాబా మీద నా పక్కనే ఉన్నాడు. పాత పద్ధతిలో గ్రౌండ్‌లో పరుగు పరీక్ష నెగ్గి, మెడికల్ ఫిట్ అయి, రాత పరీక్ష ఎప్పుడు పెడతారా అని ఏడాదికి పైగా ఎదురుచూసినవాడు. ఆ పరీక్ష ఇక లేదని తేలిపోయింది. అన్న ఏం మాట్లాడలేదు, కిందికి దిగిపోయి తలుపేసుకుని పడుకున్నాడు. ఆ ఒక్క ఏడాదికి వయసు పరిమితి 23 దాకా పెంచారు గానీ మళ్లీ మొదటి నుంచీ పరిగెత్తడానికి అన్నకు మనసు రాలేదు. ఇప్పుడు ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాడు.

ఇదంతా చూసినవాడిని, నాకు ఆర్మీ మీద ఆశ పుట్టడానికి వీల్లేదు నిజానికి. ఇంటర్ అయ్యాక ఒక షాపులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చేరాను, నెలకు 13 వేలు. పది గంటలు నిలబడే పని, ఆదివారం సెలవు లేదు. ఆరు నెలలు చేశాక ఒక రాత్రి షట్టర్ వేస్తుంటే అనిపించింది, నేను ఇక్కడ చేరినప్పుడు ఒక్కరంటే ఒక్కరు "నాలుగేళ్ల తర్వాత ఏంటి" అని అడగలేదే అని. అక్కడ నాలుగేళ్ల తర్వాత ఏముంటుందో నాకు కళ్ల ముందే కనపడుతోంది, నాకంటే సీనియర్ పక్క కౌంటర్‌లోనే నిలబడి ఉన్నాడు. మంచివాడు, పనిమంతుడు, జీతం నాకంటే రెండు వేలు ఎక్కువ.

ఆ రాత్రే అన్నకు ఫోన్ చేశాను. తిడతాడనుకున్నా. కాసేపు ఊరుకుని, "నా కోసమైతే పోకు తమ్మీ. నీ కోసమైతే పొద్దున ఐదింటికి ఓయూకి రా" అన్నాడు.

ఇంట్లో అసలు సమస్య నాన్న కాదు, అమ్మ. అమ్మ పుట్టిల్లు సూర్యాపేట. 2020 జూన్‌లో చైనా సరిహద్దు దగ్గర గల్వాన్‌లో కల్నల్ సంతోష్‌బాబు అమరుడైనప్పుడు ఆ ఊరు ఊరంతా ఎలా ఏడ్చిందో మా మేనమామలు ఫోన్లో చెబుతుంటే అమ్మ వారం రోజులు సరిగా అన్నం తినలేదు. నేను జీతం లెక్కలు కాగితం మీద వేసి చూపించాను. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో 9 వేలు, నాలుగేళ్లకు ఒకేసారి చేతికిచ్చే సేవా నిధికి పోగా చేతికి 21 వేలు, ఏటా పెరుగుతూ నాలుగో ఏడాదికి 40 వేలు. మన జీతంలో కోసినంత ప్రభుత్వమూ కలుపుతుంది, నాలుగేళ్లకు 10.04 లక్షలు, దాని మీద వడ్డీ. పింఛను లేదు. బ్యాచ్‌లో 25 శాతం మందిని మాత్రం ఉంచుకుంటారు. 48 లక్షల బీమా దగ్గరికి వచ్చేసరికి అమ్మ కాగితం మడిచేసింది. "ఆ లెక్క నాకు చెప్పకు బిడ్డా" అంది. నేనూ మళ్లీ ఎప్పుడూ చెప్పలేదు. ఒప్పుకున్నానని అమ్మ నోటితో అనలేదు. కానీ మాది టిఫిన్ బండి, అమ్మ నాలుగింటికే లేచి పిండి, చట్నీ పనిలో ఉంటుంది. మర్నాటి నుంచి నేను లేచేసరికి పొయ్యి పక్కన రెండు ఉడకబెట్టిన గుడ్లు గిన్నెలో మూత పెట్టి ఉండేవి.

ఓయూ, అంటే ఉస్మానియా యూనివర్సిటీ, పొద్దున ఐదింటికి ఎలా ఉంటుందో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. కానిస్టేబుల్‌కు తయారయ్యేవాళ్లు, ఎస్సై వాళ్లు, మాలాంటివాళ్లు, అందరూ చీకట్లో ఆర్ట్స్ కాలేజీ రోడ్డు మీద పరిగెడుతుంటారు, ఎవరి పేరు ఎవరికీ తెలియదు గానీ ఎవడు ఎంత టైమింగ్‌లో కొడుతున్నాడో అందరికీ తెలుసు. నేను మొదటి రోజు 1.6 కిలోమీటర్లు కొట్టడానికి 7 నిమిషాల 50 సెకన్లు పట్టింది, చివర్లో వాంతి చేసుకున్నా. ఎక్సలెంట్ అనాలంటే 5 నిమిషాల 30 సెకన్లలోపు రావాలి, దానికి 60 మార్కులు. నేను రాసిన ఏడాది 5:31 నుంచి 5:45 దాకా వస్తే 48, అంతకు మించితే ఇంటికే. బీమ్, అంటే కడ్డీ పట్టుకుని పైకి లేచే పుల్‌అప్స్ అయితే మొదటి నెల రెండు కూడా రాలేదు. పది కొడితే 40 మార్కులు, కాళ్లు ఊపితే లెక్కలోకి రాదు. అన్న గోడౌన్ నైట్ షిఫ్ట్ దిగి నేరుగా అక్కడికే వచ్చేవాడు, నిద్ర కళ్లతో ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుని. చలికాలంలో స్వెట్టర్ కూడా ఉండేది కాదు ఆయనకు.

ఇప్పుడు ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, అందులో నెగ్గితేనే ర్యాలీ, అంటే పరుగు, బీమ్, మెడికల్. నేను 2024 ఏప్రిల్‌లో రాశాను. జీడీకి, అంటే జనరల్ డ్యూటీ సిపాయి పోస్టుకు, గంటలో 50 ప్రశ్నలు, 100 మార్కులు, ఒక్కో తప్పుకు అర మార్కు కోత. జీకే, సైన్స్, లెక్కలు, రీజనింగ్. నేను ఇంగ్లీషులో రాశాను, 2025 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు కాబట్టి తెలుగు మీడియం తమ్ముళ్లు భయపడాల్సిన పని లేదు. పరీక్ష గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, పదో తరగతి పుస్తకాలు నిజంగా చదివితే చాలు.

నన్ను ఏడిపించింది కాగితాలు. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంది. నాన్న పేరు మెమోలో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్. మనలో సగం మందికి ఇదే గోల, ఎవరూ పట్టించుకోరు, ఇలాంటి రోజు వచ్చేదాకా. ఆధార్ సరిచేయించడానికి మూడుసార్లు తిరిగాను, ఒకసారి సర్వర్ డౌన్, ఒకసారి నా వేలిముద్ర పడలేదు. కులం, నివాస సర్టిఫికెట్లు మీసేవలో, పోలీసు క్యారెక్టర్ సర్టిఫికెట్, స్కూలు నుంచి క్యారెక్టర్ సర్టిఫికెట్, పెళ్లి కాలేదని ఫొటోతో సర్టిఫికెట్, స్టాంపు పేపరు మీద నోటరీ అఫిడవిట్, 20 ఫొటోలు. దయచేసి రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. రన్నింగ్ మొదలుపెట్టిన రోజే కాగితాలూ మొదలుపెట్టండి. ఇంకో మాట, టాటూ. మోచేతి లోపలి వైపు నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక తప్ప ఇంకెక్కడ శాశ్వతమైన టాటూ ఉన్నా తీసుకోరు. ఓయూలో నాకంటే బాగా పరిగెత్తే కుర్రాడు ఛాతీ మీద పేరు పొడిపించుకున్న సంగతి అప్లికేషన్ నింపేటప్పుడు బయటపడింది. అతని ముఖం నాకింకా గుర్తుంది.

ర్యాలీ 2024 డిసెంబర్ 8 నుంచి 16 దాకా, గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో. నా రోజు అర్ధరాత్రి దాటాక అన్న బండి మీద వెళ్లాం. గేటు బయట ఫుట్‌పాత్ నిండా కుర్రాళ్లు, ఆదిలాబాద్ నుంచి, ఖమ్మం నుంచి, దుప్పట్లు కప్పుకుని బ్యాగులే తలగడలుగా. చుట్టూ అద్దాల బిల్డింగుల లైట్లు. టీ బండి దగ్గర ఒకాయన వచ్చి "మెడికల్‌లో నా మనిషి ఉన్నాడు, సెట్ చేస్తా" అన్నాడు. అన్న అతన్ని చూసిన చూపుకే వెళ్లిపోయాడు. ఎవరైనా అలా వస్తే రూపాయి ఇవ్వకండి, మీ టైమింగ్‌ను ఎవరూ మార్చలేరు.

అడ్మిట్ కార్డు స్కాన్ చేసి, ఎత్తు చూసి, బ్యాచ్‌లుగా నిలబెట్టారు. ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. మొదటి రౌండ్లో అందరూ పిచ్చిగా పరిగెడతారు, వాళ్ల వెంట పడొద్దని అన్న వంద సార్లు చెప్పాడు, అయినా పడ్డాను. మూడో రౌండ్లో కాళ్లు ఇటుకల్లా అయిపోయాయి. ముందు తాడు పట్టుకుని జవాన్లు నిలబడి ఉన్నారు, టైమ్ అవగానే తాడు పడిపోతుంది, దాని అవతల ఉన్నవాళ్లు అవతలే. నేను దాటాక పది అడుగుల్లోపే వెనక తాడు పడిన చప్పుడు, ఒకడు "సార్ సార్" అని అరిచిన గొంతు వినిపించాయి. 48 మార్కులు. ఎక్సలెంట్ రాలేదు. బీమ్ మాత్రం పది కొట్టాను. తొమ్మిది అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ ఇబ్బంది పెట్టలేదు.

మర్నాడు మెడికల్‌లో టెంపరరీ అన్‌ఫిట్ అన్నారు. కారణం చెవిలో గుబిలి. ఫ్లాట్ ఫుట్ ఉందేమోనని తడి కాళ్లతో నాపరాయి మీద అడుగులు వేయించి ఎన్నోసార్లు చూశాడు అన్న, చెవుల సంగతి ఇద్దరికీ తట్టలేదు. డాక్టర్ దగ్గర శుభ్రం చేయించుకుని, ఇచ్చిన తేదీకి తిరుమలగిరి మిలటరీ హాస్పిటల్‌కు వెళ్తే ఫిట్ రాశారు. ఆ మధ్య రోజుల్లో ఎంత టెన్షన్ పడ్డానంటే, రాత్రుళ్లు లేచి చెవి పట్టుకుని చూసుకునేవాణ్ని.

మెరిట్ లిస్టులో పేర్లుండవు, రోల్ నంబర్లే. నేను చూసుకోలేక ఫోన్ అన్నకిచ్చాను. అన్న స్క్రీన్ కిందికి జరుపుతూ జరుపుతూ ఆగిపోయి, ఏమీ అనకుండా ఫోన్ నా చేతిలో పెట్టి అవతలికి తిరిగాడు. వెనక నుంచి భుజాలు కదలడం చూశాను.

నాలుగేళ్ల తర్వాత నన్ను ఉంచుకుంటారో లేదో నాకు తెలియదు. ఉంచుకుంటే సంతోషం. లేదంటే నా వయసు ఇరవై నాలుగు, చేతిలో పది లక్షలు, ఏ చలిలోనైనా నాలుగింటికి లేచే ఒళ్లు. ఆ పది లక్షల్లో కొంత అమ్మ బండిని షాపు చేయడానికి అని ఇప్పటికే అనుకున్నా, అమ్మకు చెప్పలేదు.

ట్రైనింగ్ 31 వారాలు. ఎక్కడ పడుతుందోనని భయపడ్డాం గానీ నాకు వచ్చింది హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్, గోల్కొండ పక్కనే. అమ్మకు ఇది చెప్పగానే పిండి రుబ్బుతున్న చెయ్యి ఆపింది. "అయితే 5కే బస్సు ఎక్కి మెహదీపట్నంలో దిగితే అయిపాయె గదా. లోపలికి ఇడ్లీలు తీసుకురానిస్తారా?" అంది.

రానివ్వరేమో అమ్మా, అడిగి చెబుతా అన్నాను.