మూడో చక్రం దారి

ఆదివారం రాత్రి, హంట్స్‌విల్, అమెరికా.

ఈ ఉదయం అన్నయ్య తన మూడు చక్రాల బండి స్లింగ్‌షాట్ తాళాలు నా చేతిలో పెట్టి, మాంటే సానో కొండ మీదికి నన్నే నడపమన్నారు. నాకంటే పదిహేనేళ్ల ముందే గుంటూరు నుంచి ఈ దేశం వచ్చిన ఆయనను ఇక్కడి తెలుగువాళ్లం అందరం అన్నయ్య అనే పిలుస్తాం. మోకాలి ఆపరేషన్ తరువాత, సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ బరువైన మోటారు సైకిల్‌ను కాలితో నిలబెట్టడం ఇక తన వల్ల కాదని తేలాకే ఆయన ఈ మూడు చక్రాల బండి కొన్నారు. కొన్న రోజున ఆయన ఎదుటే నేను "ఇది కారూ కాదు, బైకూ కాదు" అన్నాను. ఆ మాట ఇవాళంతా నన్ను బాధపెట్టింది.

పొలారిస్ సంస్థ 2014లో తెచ్చిన ఈ బండి ఇప్పుడు మా హంట్స్‌విల్ దగ్గరే తయారవుతోంది. స్టీరింగు, పెడళ్లు, సీటు బెల్టులు, పక్కపక్కనే రెండు సీట్లు ఉన్నాయి కానీ తలుపులు గాని ఎయిర్‌బ్యాగులు గాని లేవు. నేలను తాకే చక్రాలు మూడుకు మించలేదు కాబట్టి అమెరికా సమాఖ్య నిబంధనలు దీనిని మోటారు సైకిల్‌గానే లెక్కిస్తాయి. ఆ లెక్కను నాలాగా బైకు నడిపేవాళ్లలో చాలామంది మనసారా ఒప్పుకోరు. బండితో పాటు మనిషి కూడా మలుపులోకి వాలడమే మాకు మోటారు సైకిల్, ఇది వాలదు.

మొదటి మలుపులోనే నా ఒళ్లు అలవాటు కొద్దీ లోపలికి వంగింది, బండి మాత్రం అలాగే నేలను కరుచుకుని తిరిగింది. "తమ్ముడూ, నువ్వు వంగి ఏం లాభం? చేతులతో తిప్పు, అంతే," అన్నారు అన్నయ్య. మన ఆటోకు ముందు ఒకటే చక్రం కావడం వల్ల మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా ఆ ఒక్కదాని మీదికి వచ్చి బండి పక్కకు ఒరగబోతుంది. దీనికి ముందు రెండు, వెనుక ఒకటి ఉన్నాయి కనుక అదే బరువును రెండు చక్రాలు పంచుకుంటాయి. ఆ నిలకడ నాకు నిజంగా నచ్చింది. పైనుంచి తగిలే గాలి, పైన్ చెట్ల వాసన బైకు మీద ఉన్నట్లే ఉన్నాయి.

నచ్చనిది కూడా ఉంది. దారి మధ్యలో ఒక గుంత కనిపిస్తే, ముందు చక్రాలు దానికి అటూ ఇటూ వెళ్లేలా జాగ్రత్తగా నడిపాను; మరుక్షణం వెనుక చక్రం సరిగ్గా అందులోనే పడింది. అన్నయ్య చెయ్యి వెంటనే మోకాలి మీదికి వెళ్లింది. బైకుకు ఒకే జాడ ఉంటుంది, దీనికి మూడు. పైగా బండిని నడిపించే ఆ వెనుక చక్రం, కార్ల నుంచి కారిన నూనె పేరుకునే లేన్ నడిమి పట్టీ మీదే పోతుంది. వానలో మేము తప్పించుకునే చోటు అదే. అందుకే మబ్బు పడితే అన్నయ్య బండి తీయరు.

ఎదురుగా వచ్చిన బైకుల వాళ్లకు ఆయన, పాత అలవాటు ప్రకారం, చెయ్యి ఎత్తుతూనే ఉన్నారు. మేము ఒకరికొకరం రెండు వేళ్లు కిందికి చూపి పలకరించుకుంటాం. ఈ రోజు కొందరే బదులిచ్చారు, ఎక్కువమంది చూడనట్లే వెళ్లిపోయారు. నిరుడు నేనూ అలా వెళ్లినవాణ్నే.

వచ్చే ఆదివారం నా బైకుతో ఆయనకు ముందు వెళతానని చెప్పాను. గుంత వస్తే వెనుకవాళ్లకు కాలు చాపి చూపించడం మా పద్ధతి. ఇన్నాళ్లూ నా చక్రానికి అడ్డం వచ్చేవే చూపాను. ఇకమీదట, నేను పక్కనుంచి తేలికగా దాటిపోగల నడిమి గుంతలను కూడా చూపించాలి.