సెనేటర్ కాని సెనేటరమ్మ: ఒక్క కథ కోసం నేను పడ్డ పాట్లు

పోయిన ఏడాది సంక్రాంతి అప్పుడు మా తెలుగు సంఘం సావనీరు ఎడిటర్ గారు ఫోన్ చేశారు. ఆయన్ని అందరం మాస్టారు అనే పిలుస్తాం. "ఏమయ్యా, ప్రతిసారీ ఆ అత్తాకోడళ్ళ కథలేనా, ఈసారి మన తెలుగు పిల్ల అమెరికాలో సెనేటర్ అయినట్టు రాయి, పుట్టుక దగ్గర్నుంచి ప్రమాణ స్వీకారం దాకా, జీవిత చరిత్ర లాగా" అన్నారు. ఒహాయో రాష్ట్రం రాజధాని కొలంబస్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నా, టీవీలో ఎలక్షన్లు చూస్తూనే ఉన్నా, ఇందులో ఏముందిలే అనుకుని రెండు వారాల్లో ఇచ్చేస్తానండీ అనేశా. ఎనిమిది నెలలు పట్టింది. ఇంతా చేసి ఆవిడ సెనేటర్ అవ్వలేదు.

మొదటి డ్రాఫ్ట్ చెప్తే నవ్వుతారు. గుంటూరు అమ్మాయి, 2007లో హెచ్‌వన్‌బీ మీద ఒహాయో వచ్చింది, ఉద్యోగం చేసుకుంటూ జనానికి సేవ చేస్తుంటే పార్టీ పెద్దలు చూసి వాషింగ్టన్ పిలిపించి టికెట్ ఇచ్చారు. అంటే అక్షరాలా బీ-ఫారం ఇచ్చినట్టే రాశా. మా ఆవిడ చదివి "మరి గ్రీన్ కార్డు ఎప్పుడొచ్చింది?" అని ఒక్క ప్రశ్న వేసింది. అంతే, కథ అక్కడే కూలింది.

ఎక్సెల్ తెరిచి కూర్చున్నా. 2012 చివర్లో ప్రయారిటీ డేటు, అంటే గ్రీన్ కార్డు క్యూలో చేరిన తేదీ అనుకుందాం, ఈబీటూ అనే ఉద్యోగాల కేటగిరీలో మన ఇండియా క్యూ ఎలా ఉందో తెలిసిందే కదా, ఆ డేటుకి 2025లో గానీ కార్డు రాదు. ఐదేళ్ళాగితే 2030లో పౌరసత్వం. కాంగ్రెస్ దిగువ సభకి పౌరురాలై ఏడేళ్ళు ఉండాలి, సెనేట్‌కి తొమ్మిదేళ్ళు, అంటే 2039, ఎలక్షన్లేమో సరి సంవత్సరాల్లోనే కాబట్టి 2040. ఇరవై నాలుగేళ్ళప్పుడు దిగిన పిల్ల యాభై ఏడేళ్ళకి సెనేట్‌కి నామినేషన్ వేస్తుందన్నమాట. వీసా క్యూలోనే నా హీరోయిన్ ముసలిదైపోయింది, దానితో పాటు నేనూ.

నిజంగా ఇలా దెబ్బతిన్నాయన ఉన్నాడు, దలీప్ సింగ్ సౌంద్. 1946లో చట్టం మారేదాకా మనవాళ్ళకి ఇక్కడ పౌరసత్వమే లేదు. ఆయన 1949లో పౌరుడై 1950లో కాలిఫోర్నియాలో ఒక చిన్న ఊళ్ళో జడ్జిగా గెలిస్తే, పౌరసత్వం వచ్చి ఏడాది కాలేదని సీటు ఇవ్వలేదు. 1952లో మళ్ళీ నిలబడి గెలిచి, 1956లో కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు, మన దేశం నుంచి వచ్చినవాళ్ళలో మొదటివాడు. ఆయన కథ చదివాక నాకు రూల్స్ మీద కోపం పోయి భయం పట్టుకుంది.

సరే, ఇక్కడే పుట్టిద్దాం అనుకున్నా. 1965లో ఇమ్మిగ్రేషన్ చట్టం మారాక మన గుంటూరు మెడికల్ కాలేజీ, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ డాక్టర్లు చాలామంది వచ్చేశారు కదా, వాళ్ళలో ఒకాయన కూతుర్ని చేశా, 1970లో ఒహాయోలోనే యంగ్స్‌టౌన్ అనే ఊళ్ళో పుట్టింది. యంగ్స్‌టౌన్ ఎందుకంటే నాకు తెలిసిన ఒక పెద్దాయన, రిటైరైన డాక్టరు గారు, అక్కడే చాలా ఏళ్ళు ప్రాక్టీసు చేశారు. ఆయన్ని కలవడానికి రెండున్నర గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళా. మాగాయ పెట్టి భోజనం పెట్టి, అప్పుడు మొదలుపెట్టారు. 1977 సెప్టెంబర్ 19, సోమవారం, ఆ ఊళ్ళో ఇప్పటికీ బ్లాక్ మండే అనే అంటారు, ఆరోజు యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ అనే స్టీలు కంపెనీ వాళ్ళు క్యాంప్‌బెల్ వర్క్స్ అనే ఫ్యాక్టరీ మూసేస్తున్నామని చెప్పారు, ఐదు వేల ఉద్యోగాలు పోయాయి. "మర్నాడు క్లినిక్‌కి వెళ్తే వెయిటింగ్ రూం నిండిపోయింది బాబూ, ఒక్కడికీ జబ్బు లేదు, ఇన్సూరెన్స్ ఉండగానే ఒకసారి చూపించుకుందామని వచ్చారు" అన్నారు. ఈ ముక్క నేను కల్పించలేదు, ఆయన అన్నట్టే కథలో పెట్టా. ఆ వెయిటింగ్ రూంలో ఏడేళ్ళ పిల్ల మూల కుర్చీలో కూర్చుని హోంవర్కు చేసుకుంటూ వింటుంది. అప్పటిదాకా నాకు పాత్ర దొరకలేదు, అక్కడ దొరికింది.

ఇక రాజకీయాల్లోకి ఎలా రావాలి? ఇక్కడ హైకమాండ్ లేదండీ బాబూ, ఇది ఒంటికి పట్టడానికే నాకు నెల పట్టింది. ఎవరైనా సరే సంతకాలు తెచ్చుకుని ప్రైమరీలో దిగొచ్చు, ఎవరు పార్టీ క్యాండిడేటో మామూలు ఓటర్లే తేలుస్తారు. ఒహాయోలో రాష్ట్ర దిగువ సభకి పెద్ద పార్టీల తరఫున నిలబడాలంటే యాభై సంతకాలు చాలు, అదే రాష్ట్రం మొత్తానికి పోటీ అయితే వెయ్యి. యాభయ్యేనా, మా అపార్ట్‌మెంట్లో తెచ్చేస్తా అనిపిస్తుంది. కానీ ఓటు రిజిస్టర్ అయ్యుండాలి, అడ్రసు కలవాలి, కాగితం తిప్పినవాళ్ళు ఎన్ని సంతకాలు కళ్ళారా చూశారో కింద అంకె వేసి సంతకం పెట్టాలి, ఆ అంకె తక్కువ పడిందంటే ఆ కాగితమే పోతుంది. అందుకని తెలివైనవాళ్ళు రెండింతలు పోగేస్తారు. మా ఆవిడ "నువ్వు కూడా వెళ్ళి తెచ్చి చూడు" అంది, నాకే ఓటు లేదు, నేనెవర్ని అడగను.

ఓటే కాదు, చందా కూడా ఇవ్వలేను. ఇది ఎక్కువమందికి తెలీదు, హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాళ్ళు ఇక్కడ ఏ ఎన్నికకీ ఒక్క డాలర్ ఇవ్వకూడదు, గ్రీన్ కార్డు ఉంటే దేశస్థాయి ఎన్నికలకి ఇవ్వొచ్చు. జీతం తీసుకోకుండా వాలంటీరు పని చెయ్యొచ్చు, కరపత్రాలు పంచొచ్చు. అంటే నేను పుట్టించిన ఆవిడ నిజంగా నిలబడినా ఆవిడ ఫండ్‌రైజర్లో బిర్యానీ వడ్డించగలనేమో గానీ ప్లేటుకి డబ్బులు కట్టలేను.

స్కూల్ బోర్డు నుంచి మొదలుపెట్టమని డాక్టరు గారే చెప్పారు. నాకు నచ్చలేదు, సెనేటరమ్మ కథలో స్కూల్ బోర్డేంటి, మనూళ్ళో విద్యా కమిటీ లాగా. సరే చూద్దామని మా ఊళ్ళో బోర్డు మీటింగ్‌కి వెళ్ళా. నువ్వెవరని ఎవరూ అడగలేదు, తలుపు తీసే ఉంది. మూడు గంటలు కూర్చున్నా. బస్సు రూట్లు, ఒక బడి కప్పు కారుతోంది, ఆ తర్వాత లెవీ, అంటే బడి కోసం ఇంటి మీద వేసే పన్ను. మాట్లాడదలుచుకున్నవాళ్ళకి మూడేసి నిమిషాలు. ఒక పెద్దావిడ లేచి నా పెన్షన్ పెరగలేదు, ఇంటి పన్ను మాత్రం పెంచుతారా అని వణుకుతూ అడిగింది, వెనకాలే ఒక తల్లి లేచి మా పిల్లాడి క్లాసులో ముప్ఫై ఇద్దరున్నారంది. ఇద్దరిదీ కరెక్టే. నేను నోట్స్ రాయడం మానేసి చూస్తూ కూర్చున్నా.

ఆ లెవీ లెక్క కూడా చెప్తా, ఎందుకంటే కథంతా దానిమీదే తిరిగింది. ఒహాయోలో బడి పన్నుని మిల్లుల్లో లెక్కేస్తారు. ఒక మిల్లు అంటే పన్ను విలువలో వెయ్యి డాలర్లకి ఒక డాలర్, పన్ను విలువ అంటే ఇంటి మార్కెట్ ధరలో 35 శాతం, కాబట్టి లక్ష డాలర్ల ఇంటికి ఒక మిల్లు పెంచితే ఏడాదికి 35 డాలర్లు. పెంచాలంటే ఓటు పెట్టాలి. ఇళ్ళ ధరలు బాగా ఉన్న ఊళ్ళో ఒక మిల్లుకి బోలెడు డబ్బు రాలుతుంది, ఫ్యాక్టరీ పోయి ఇళ్ళ ధర పడిపోయిన ఊళ్ళో అదే మిల్లుకి చిల్లర వస్తుంది. 1997లో ఒహాయో సుప్రీంకోర్టు డిరాల్ఫ్ కేసులో ఇదే చెప్పింది, బడుల ఖర్చుకి స్థానిక ఆస్తి పన్ను మీద ఇంతలా ఆధారపడటం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని. స్టీలు మిల్లు మూసేసిన ఊళ్ళో బడి నడవాలంటే పన్ను మిల్లు పెంచాలి. ఈ మాట నాకు తట్టిన రాత్రి నిద్ర పట్టలేదు, మాస్టారికి పదకొండింటికి ఫోన్ చేసి తిట్లు తిన్నా.

కాబట్టి మా ఆవిడ, అంటే కథలో ఆవిడ, పద్దులు చూసే సీపీఏ. 1999లో స్కూల్ బోర్డు. అక్కడ బోర్డు ఎన్నికలు బేసి సంవత్సరాల్లో వస్తాయి, పార్టీ గుర్తు ఉండదు. 2004లో రాష్ట్ర దిగువ సభ. అక్కడ రెండేళ్ళకోసారి ఎన్నిక, వరసగా ఎనిమిదేళ్ళు దాటి ఉండకూడదు, అంటే 2012 చివరికి దిగిపోవాలి. ఆ ఎనిమిదేళ్ళలో ఆవిడ పార్టీకి, డెమొక్రాట్లకి, సభలో మెజారిటీ ఉన్నది రెండంటే రెండేళ్ళు, 2008లో గెలిచి 2010లో పోగొట్టుకున్నారు. మిగతా ఆరేళ్ళూ ఆవిడ బిల్లులు కమిటీలో పడి మురిగాయి. నేను మొదట ఆవిడచేత పది చట్టాలు చేయించా, లెక్క చూసుకుని తొమ్మిది కొట్టేశా. 2011లో మాత్రం ఒక సందడి దొరికింది, ప్రభుత్వ ఉద్యోగుల యూనియన్ల బేరసారాల హక్కుల్ని కత్తిరిస్తూ సెనేట్ బిల్ 5 అని చట్టం తెస్తే, జనం సంతకాలు పోగేసి నవంబర్‌లో రెఫరెండం పెట్టి 60 శాతం పైగా ఓట్లతో కొట్టేశారు. సభలో ఓడిన ఆవిడ చలిలో మడత బల్ల వేసుకుని టీచర్లతో కలిసి సంతకాలు తీసుకోవడం, ఆ చాప్టర్ రాస్తుంటే నాకే బావుంది.

ఇక సెనేట్. అసలు సమస్య ఇక్కడే. ఒక్కో రాష్ట్రానికి సీట్లు రెండే, మా రెండింట్లోనూ నిజం మనుషులున్నారు, వాళ్ళని తీసేసి నా మనిషిని కూర్చోబెడితే చరిత్ర మార్చినట్టు. మాస్టారు మార్చెయ్యమన్నారు. నాకు చెయ్యి రాలేదు. 2016 మార్చి 15 ప్రైమరీలో నిలబెట్టా. అందులో మాజీ గవర్నర్ టెడ్ స్ట్రిక్లాండ్ ఉన్నాడు, పార్టీ ఆయన వెనక ఉంది, ఈవిడ ఓడిపోయింది. తమాషా ఏంటంటే ఆయన కూడా నవంబర్‌లో రిపబ్లికన్ సెనేటర్ రాబ్ పోర్ట్‌మన్ చేతిలో ఇరవై శాతం పైగా తేడాతో ఓడాడు. నాలుగేళ్ళ తర్వాత, 2020లో, యంగ్స్‌టౌన్ ఉన్న మహోనింగ్ కౌంటీ కూడా ట్రంప్‌కి వేసింది, 1972లో నిక్సన్ తర్వాత అప్పటిదాకా ప్రెసిడెంట్ ఎన్నికల్లో అక్కడ ఏ రిపబ్లికనూ గెలవలేదు.

ఓడిపోతే కథేముందయ్యా అని మాస్టారు గొడవ. నేను అరుణా మిల్లర్ గారిని చూపించా. హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్ళకి ఇక్కడికొచ్చి, సివిల్ ఇంజనీరుగా కౌంటీ రోడ్ల పని చేసి, మేరీల్యాండ్ హౌస్ ఆఫ్ డెలిగేట్స్‌లో ఎనిమిదేళ్ళుండి, 2018లో కాంగ్రెస్ ప్రైమరీలో ఓడిపోయారు. 2023 జనవరిలో అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా, అంటే గవర్నర్ తర్వాతి పదవిలో, ప్రమాణం చేశారు. "అయితే నీ ఆవిడని కూడా అలా చెయ్" అన్నారు వెంటనే. చెయ్యలేదు. ఆవిడ తిరిగి ఇంటికి వెళ్ళి 2017లో మళ్ళీ స్కూల్ బోర్డుకి నిలబడింది, గెలిచింది. బేసి సంవత్సరం కూడా కలిసొచ్చింది మరి.

సావనీరు వచ్చింది. పేరు "మన సెనేటరమ్మ" అని మాస్టారే మార్చేశారు. బొమ్మలో ఆవిడ వెనకాల ఇంత గుమ్మటం. కొలంబస్‌లో మా రాష్ట్ర చట్టసభ భవనం, స్టేట్‌హౌస్‌కి గుమ్మటం ఉండదండీ, పైన కోసేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది, బొమ్మ వేసిన కుర్రాడికి రెండుసార్లు చెప్పా. గుమ్మటం లేకపోతే జనానికి ఏం తెలుస్తుందయ్యా అని మాస్టారు కొట్టిపారేశారు. రెండో భాగంలో ప్రెసిడెంట్‌ని చేసెయ్, యంగ్స్‌టౌన్‌లోనే పుట్టించావు కదా, రూలు కూడా అడ్డం రాదు అంటున్నారు. ఎక్సెల్ మళ్ళీ తెరిచా. ప్రస్తుతానికి ఆవిడ 2021 బోర్డు ఎన్నికకి సంతకాలు పోగేసుకుంటోంది.